దారం కట్టిన కాయలు

ఆ యేడు పత్తి క్రాసింగ్ ఇంకా మొదలు కాకముందే మా ఇంట్లో దారం మీద లొల్లి అయింది. విత్తనాల కంపెనీ వాళ్లు ఇచ్చిన తెల్లదారం ఉండల్లో ఒకటి తీసి, మా అత్తమ్మ ఎండుమిరపకాయలు గుచ్చి పొయ్యి పైన వేలాడదీసింది. వానలకు కాయలు మెత్తబడుతున్నాయని ఆమె బాధ. మామ అన్నానికి వచ్చి, తల ఎత్తి చూసి, కూర్చోకుండానే అడిగాడు, ఆ దారం ఎక్కడిదని.

"ఎక్కడిదేంది. మూలకు ఉన్నదే" అన్నది అత్తమ్మ.

"కంపెనీ దారం కంపెనీ పనికే. ఇంటికి వాడితే దొంగతనమే అయితది."

"మూరెడు దారానికి నన్ను దొంగను చేస్తివి."

ఆ పూట ఆమె అన్నం తినలేదు. దండ విప్పి, కాయలన్నీ చేటలో పోసి, పాత చీర అంచులోంచి పోగులు లాగి మళ్లీ గుచ్చింది. మామ ఆ దారాన్ని తుడిచి ఉండకు చుట్టి మూలన పెట్టాడు. రెండు రోజులు ఇద్దరి మాటలూ నా మీదుగానే నడిచాయి. రొట్టె అయిందని మామకు చెప్పమని ఆమె, పప్పులో ఉప్పు తక్కువైందని అత్తమ్మకు చెప్పమని ఆయన. నాలుగు అడుగుల దూరంలో కూర్చున్న మనిషికి నేనెందుకు చెప్పాలో నాకు అర్థం కాకపోయినా చెప్పాను. మనసులో మాత్రం నేను మామ పక్షమే. ఎక్కడి వస్తువు అక్కడ ఉండాలనే రకం నేను.

మా మామ పేరు కురుమూర్తి. పుట్టినప్పుడు వాళ్ల నాయనమ్మ కురుమూర్తి స్వామి జాతరకు మొక్కుకుని పెట్టిన పేరు. ముప్పై ఏళ్ల వయసులో బాప్తిస్మం తీసుకున్నప్పుడు ప్రభుదాస్ అని మార్చారు కానీ ఆ పేరు చర్చి రిజిస్టరులోనే ఉండిపోయింది. ఆయన మా సంఘానికి పెద్ద. ఊరు గద్వాలకు ఆటోలో అరగంట. రెండెకరాల నల్లరేగడి, అందులో విత్తనపత్తి. నేను వనపర్తిలో డిగ్రీ చదివి ఈ ఇంటికి వచ్చాను. బాటనీ నా సబ్జెక్టు. బి.ఎడ్. చేయాలని నా కోరిక. నా భర్త మహిపాల్ అవునని కాని కాదని కాని అనలేదు. మామే ఒకరోజు అందరి ముందర అన్నాడు, ఈ పంట ఇంటికి రానీ, ఉమను వనపర్తి కాలేజీలో చేర్పిస్తానని. ఆయన మాట అంటే మాటే. నేను ఆ రోజే పాత పుస్తకాలు దులిపి పెట్టుకున్నాను.

విత్తనపత్తి పని తెలియనివాళ్లకు ఒక్క మాట చెప్పాలి. చేనులో ఆడసాళ్లు వేరు, మగసాళ్లు వేరు. రేపు విచ్చే మొగ్గను ఈ సాయంత్రమే పట్టుకుని, గోటితో పైపొర ఒలిచి, లోపలి పుప్పొడి తీసేసి, గుర్తుకు ఎర్రకాగితం తొడగాలి. పొద్దున్నే మగపువ్వు తెంపి ఆ మొగ్గకు రుద్ది, కాడకు దారం కట్టాలి. దారం ఉంటే అది మనం కలిపిన కాయ. దారం లేకపోతే అది తనంతట తాను కాసిన కాయ, దాని గింజ విత్తనానికి పనికిరాదు, కనపడగానే తెంపేయాలి. క్రాసింగ్ అంటే ఇదే, రెండు నెలలు ఇదే పని. పొద్దున పుప్పొడి, సాయంత్రం మొగ్గ.

పత్తికి ఆదివారం తెలియదు. మామకు తెలుసు. అందుకని శనివారం సాయంత్రం మా ఇంట్లో ఎవరూ మొగ్గలు ఒలవరు. ఆదివారం విచ్చే మొగ్గలన్నీ తెంపి గంపల్లో పోసి బర్రెలకు వేస్తాం. ఆదివారం ఆరాధన అయి, పొద్దు వంగాక మళ్లీ పని మొదలు పెట్టవచ్చుననేది మామ తనకు తానే ఇచ్చుకున్న సడలింపు. పక్క చేను గౌస్ పాషాది. గట్టు మీద నిలబడి ఆయన ప్రతి శనివారం నవ్వేవాడు.

"కురుమూర్తన్నా, మీ బర్రెలు మస్తు అదృష్టం చేసుకున్నయి. వారానికోసారి వాటికే పండుగ."

మామ కూడా నవ్వేవాడు. ఇద్దరిదీ ముప్పై ఏళ్ల పొత్తు. మాది వాళ్లకు, వాళ్లది మాకు అన్నట్టు గౌస్ పాషా భార్య ఫరీదా, నేను ఒకరోజు వాళ్ల చేనులో, ఒకరోజు మా చేనులో కలిసి మొగ్గలు ఒలిచేవాళ్లం. చేన్లు చిన్నవి కాబట్టి ఆ యేడు మా ఇద్దరి పత్తినీ ఒకే లాట్ కింద, అంటే ఒకే సరుకు లెక్కన, రాసుకున్నారు. పత్తి తీసుకుపోయాక కంపెనీ వాళ్లు ఆ లాట్ గింజల్లో కొన్నింటిని విత్తి, మొక్కలు సరిగ్గా వచ్చాయో లేదో చూస్తారు. రాకపోతే లాట్ మొత్తం తిప్పి పంపుతారు. అందులో ఎవరి గింజ మంచిదో, ఎవరిది చెడ్డదో ఎవరూ అడగరు.

సెప్టెంబరు మొదటి వారంలో, నిండు పూత మీద, వనపర్తిలో మూడు రోజుల ఉజ్జీవ సభలు వచ్చాయి. అత్తమ్మ అప్పటికే తెలకపల్లిలో మా ఆడబిడ్డ కాన్పుకు పోయి ఉంది. శుక్రవారం పొద్దున పుప్పొడి పని ముగించి మేం ముగ్గురం బయల్దేరాం. శుక్రవారం సాయంత్రానికి తిరిగి వచ్చేయాలని అనుకున్నదే. కానీ అక్కడ ఎవరో మామ శనివారపు మొగ్గల సంగతి ప్రసంగికుడికి చెప్పారు. ఆయన మామ చేతులు పట్టుకుని, మీలాంటివాళ్లు ఆదివారం సాక్ష్యం చెప్పకుండా పోతే ఎలా అన్నాడు. మామ ఉండిపోయాడు. వండే ఆడవాళ్లు తక్కువయ్యారని నన్ను ఉంచారు, మనుషులను తెచ్చే బండి నడపాలని మహిపాల్‌ను ఉంచారు.

ఆదివారం షామియానా కింద మైకు ముందర మామ చక్కగా మాట్లాడాడు. ఆదివారం నాడు విచ్చే పువ్వు ఒక్కటి కూడా నా చేనులో ఉండదు అన్నాడు. వెయ్యి మంది స్తోత్రం అన్నారు. నేను గిన్నెలు తోముతూ విన్నాను. సరిగ్గా ఆ గంటకు మా చేను నిండా పూలు విచ్చి ఉంటాయని లెక్కవేసుకున్నాను. ఆయన కూడా వేసుకునే ఉంటాడు. ఒక్కసారి మాట ఆగి, గొంతు సవరించుకున్నాడు.

సోమవారం పదింటికి చేనుకు పోయాం. విత్తనపత్తి చేనులో ఆడసాళ్లు పూయగా ఎవరూ చూడరు, పూయనివ్వరు కనుక. ఆ రోజు చూశాను. ఆనాటి పూలు తెల్లగా, ముందటినాటివి గులాబీ రంగులో, ఆ ముందటివి ముడుచుకుని రాలుతూ, అడుగున పెసరగింజంత కాయ. మా చేను అంత అందంగా ఎన్నడూ లేదు.

మహిపాల్ గంప తెచ్చాడు. తెంపడం మొదలుపెడదామా అన్నట్టు నాయన మొహం చూశాడు. మామ సాలు పొడుగునా ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు, తిరిగి నడిచాడు. తెంపితే నిండు పూతలో మూడు రోజుల కాపు పోతుంది. ఆ తర్వాత పూత పలచబడుతుంది. కంపెనీ సూపర్‌వైజర్ భాస్కర్ మర్నాడే వస్తానని ఫోన్ చేసి ఉన్నాడు. మామ భుజం మీది సంచిలోంచి దారం ఉండలు తీసి తలా ఒకటి చేతిలో పెట్టాడు.

"కట్టుండ్రి" అన్నాడు.

"మామా, ఇవి ఒలిచినవి కావు."

"తెలుసు." నా వైపు చూడలేదు. "మనం ఎటు పోయినం ఉమా? దేవుని పని మీదనే పోయినం గద. ఆయన చూసుకుంటడు."

పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పకూడదని పెరిగిన దాన్ని. అది ఒక కారణం. వనపర్తి కాలేజీ ఇంకో కారణం. రెండోదే పెద్దదని నాకు అప్పుడే తెలుసు. పొద్దు గూకేదాకా కట్టాను. నా ముడులు ఎప్పటిలాగే సమానంగా, బిగుతుగా వచ్చాయి. మర్నాడు భాస్కర్ గట్టు మీంచే చూసి, దారాలన్నీ బాగున్నాయని రాసుకుని పోయాడు. వంగి ఒక్క కాయ అడుగున పైపొర ఒలిచిన గీత ఉందో లేదో చూసి ఉంటే తెలిసిపోయేది. మా ఇంటి పని అంటే ఎవరూ వంగి చూడరు.

రెండు రోజులయ్యాక ఫరీదా మొగ్గ ఒలుస్తూ అడిగింది.

"ఉమా, ఐతారం మీ చేను తెల్లగ మెరిసింది. నాకు పానం ఉసూరుమన్నది. మేమన్నా తెంపుదమంటే మావోళ్లకు జ్వరాలాయె. అన్ని తెంపేసిండ్రా?"

"తెంపినం" అన్నాను.

ఆమె అయ్యో అన్నది. మాకు జరిగిన నష్టానికి బాధపడి, సాయంత్రం గిన్నెడు సేమ్యా పంపింది.

అత్తమ్మ దసరా దాటాక వచ్చింది. అప్పటికి కాయలు పగులుతున్నాయి. ఆమె వచ్చాకే ఏరడం మొదలైంది. దారం ఉన్న కాయ, దారం ఉన్న కాయ, అన్నీ దారం ఉన్నవే. నవంబరు రెండోవారానికి పత్తి మొత్తం ఇంటి ముందర అర్రలో నడుములోతు కుప్ప అయింది. ఏది ఎక్కడిదో ఇక దేవుడు కూడా వేరు చేయలేడని నాకు అనిపించేది. ఆదివారం చర్చిలో కోత పండుగ. మంగళవారం కంపెనీ బండి వస్తుంది, ముందు మా ఇంటికి, తర్వాత గౌస్ పాషా ఇంటికి.

అత్తమ్మకు చదువు రాదు. నేను కోడలిగా వచ్చిన నాటి నుంచీ దీపాల వేళ ఆమెకు వాక్యం చదివి వినిపించడం నా పని. ఆమె పత్తి గింజ తీస్తూనో, చిక్కుడుకాయ ఈనె తీస్తూనో వింటుంది. అయిపోయాక ప్రతిసారీ ఒకటే అడుగుతుంది. "ఇది చెయ్యమన్నదా, చెప్పుకొమ్మన్నదా?" మొదట్లో నవ్వొచ్చేది. పరీక్షలో ప్రశ్నలాగా దానికి జవాబు చెప్పాలి. చెయ్యమన్నదంటే మర్నాడు ఆమె అది చేస్తుంది. అప్పు ఇచ్చి అడగొద్దంటే అడగడం మానేసింది. తిట్టినవాళ్లను దీవించమంటే, వీధి చివర కొట్లాట మనిషి ఎల్లయ్యకు ఒక పూట చాయ్ ఇచ్చి, "నీకు మంచిగ కావాలె" అని చెప్పి వచ్చింది. అతను నెల రోజులు ఈమె వస్తుంటే దారి తప్పించుకున్నాడు.

పండుగకు మూడు రోజుల ముందు, ఆ సాయంత్రం నేను చదువుతున్న చోట, బలిపీఠం దగ్గరికి కానుక తెచ్చినవాడి సంగతి వచ్చింది. నీ మీద నీ సోదరుడికి ఏదైనా విరోధం ఉందని గుర్తుకు వస్తే కానుక అక్కడే వదిలి, ముందు పోయి అతనితో సమాధానపడమనే మాట. నా కళ్లు దాన్ని చూశాయి. నోరు కిందికి దాటిపోయింది. తడబడలేదు కూడా.

అత్తమ్మ చేతిలోని చిక్కుడుకాయ ఆగింది.

"నడుమ ఒక మాట ఉండాలె గద బిడ్డా."

నేను పేజీ చూస్తూ కూర్చున్నాను.

"కానుక ఇడిసిపెట్టి పొమ్మనే మాట. పోయినేడు చదివినవు. అచ్చు తప్పిందా?"

"తప్పలే అత్తమ్మా. నేనే చదవలే."

ఎందుకని ఆమె అడగలేదు. ఈనె తీయడం మళ్లీ మొదలుపెట్టింది. ఆ చిక్కుడుకాయలు అయ్యేలోపు నేను అంతా చెప్పేశాను, పూల సంగతి, దారం సంగతి, ఫరీదాతో అన్న మాట, ఆమె పంపిన సేమ్యా. అత్తమ్మ గిన్నె పక్కన పెట్టి అర్రలోని కుప్ప దగ్గరికి పోయి, కొంచెం పత్తి చేతిలోకి తీసుకుని చూసి, తిరిగి అక్కడే పెట్టింది. ఆ తర్వాత వాకిట్లో మామ దగ్గర కూర్చుంది.

వాళ్ల మాటలు నాకు సగమే వినపడ్డాయి. మామ గొంతు పెంచలేదు. కుప్పలో కలిసిపోయిందని, ఇప్పుడు చేయగలిగింది ఏమీ లేదని, ఆ రోజు నుంచీ నిద్ర లేకుండా దేవుణ్ణి క్షమించమని అడుగుతూనే ఉన్నానని అన్నాడు. అది నిజమే. ఆయన చిక్కిపోయాడు. మేమందరం పని ఎక్కువై అనుకున్నాం.

"దేవుణ్ణి అడిగినవు" అన్నది అత్తమ్మ. "గౌస్‌ను అడిగినవా?"

మామ ఏదో అన్నాడు. మగవాడికి ఆడది బోధించకూడదనే వాక్యం అది. ఆమె సరే అని లేచి వచ్చి రొట్టెలు చేసింది. ఆ మూడు రోజులు ఎవరి మాటా నా మీదుగా నడవలేదు. వాళ్లు మాట్లాడుకోవడమే లేదు.

కోత పండుగకు మా ఇంటి గంప ఎప్పుడూ అత్తమ్మే సిద్ధం చేస్తుంది. తొలి పత్తి నింపి, ఉతికిన తెల్లగుడ్డ కప్పి, మామ తలకు ఎత్తుతుంది. ఈసారి ఆమె పొద్దున్నే స్నానం చేసి, గుమ్మం పక్కన నిలబడి చూస్తూ ఉంది. మామే కుప్పలోంచి పత్తి నింపుకుని, తానే ఎత్తుకున్నాడు. గుడ్డ కప్పని గంపలోంచి దారి పొడుగునా పింజలు ఎగిరిపోయాయి.

చర్చి నిండా వడ్లు, జొన్న కంకులు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు. పాస్టర్ గారు ఆనవాయితీ ప్రకారం సంఘపెద్ద కానుక ముందు రావాలని పిలిచారు. మామ గంపతో లేచాడు. నడుమ దారిలో సగం దూరం పోయాడు. అక్కడ గంప నేల మీద దించాడు. భుజం మీది తువ్వాలు సర్దుకుని, వెనక్కి తిరిగి, గుమ్మం దగ్గర తన చెప్పులు వెతుక్కుని తొడుక్కుని బయటికి పోయాడు.

ఏదో మరిచిపోయి వెళ్లాడనుకున్నారు జనం. పాస్టర్ గారు కొంచెంసేపు చూసి పాట ఎత్తుకున్నారు. అత్తమ్మ కళ్లు మూసుకుని పాడింది. తర్వాత కానుకలు తెచ్చినవాళ్లంతా ఆ గంపను చుట్టి పోయారు. అది చివరిదాకా అక్కడే ఉంది.

ఇంటికి వచ్చి కోడికూర, జొన్నరొట్టెలు చేసి కూర్చున్నాం. మామ రెండింటికి వచ్చాడు. కాళ్లు కడుక్కుని, పీట మీద కూర్చుని, ప్రార్థన తాను చేయకుండా మహిపాల్‌ను చేయమన్నాడు. అందరి పళ్లాల్లో రొట్టె పడేదాకా ఆగి మాట్లాడాడు.

గౌస్ పాషాకు అంతా చెప్పానన్నాడు.  ఎన్ని దినాల కాయలని మాత్రం ఆయన అడిగాడట. మామ చాయ్ అడగలేదు, ఆయన పోయలేదు. మామ లేచి వస్తుంటే గౌస్ పాషా అన్నాడట.

"నువ్వు ఐతారం మొగ్గలు బర్రెలకేస్తుంటే నేను నవ్విన కురుమూర్తన్నా. గని నీతోని ఒక్క లాట్‌కు ఒప్పుకున్నది అవ్వి చూసే."

ఆ మాట చెప్పి మామ చెంబు అందుకున్నాడు. నీళ్లు తాగి మిగతాది చెప్పాడు. "భాస్కర్‌కు ఫోన్ చేసిన. గౌస్ పత్తి వేరే లాట్ రాస్తడు. మంగళారం బండి ఆళ్ల ఇంటికే వస్తది. మన కుప్ప విత్తనానికి పోదు. గద్వాల మార్కెట్‌కు పోతది, మామూలు పత్తి లెక్క. వచ్చే ఐతారం సంఘం ముందర నేనే చెప్పుకుంట. అంతదాకా పెద్దగ నేను కూసోను."

మహిపాల్ చెయ్యి పళ్లెంలో ఆగింది. విత్తనపత్తికీ మామూలు పత్తికీ మధ్య ఎంత తేడా ఉంటుందో ఆ గదిలో అందరికీ తెలుసు. 

"ఉమా, నీకిచ్చిన మాట ఈ యేడు..."

"తెలుసు మామా."

"గౌస్‌తో నేనే చేసిన అని చెప్పిన. మీ పేర్లు తియ్యలే."

పొయ్యి పైన మిరపకాయల దండ, చీర పోగులతో గుచ్చింది, ఇంకా వేలాడుతూనే ఉంది. నేను దాని వైపు చూశాను. ఎందుకు చూశానో తెలియదు, మనుషుల మొహాలు చూడలేక కావచ్చు.

"ఫరీదాతోని తెంపినమని అన్నది నేను" అన్నాను. "అది మీరు చెప్తే కాదు. నేను ఇప్పుడే పోత."

 మహిపాల్ నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. అత్తమ్మ వేడి రొట్టె ఒకటి తుంచి నా పళ్లెంలో వేసింది.

"తిని పో" అన్నది.